గాట్ల డిస్కులు

మూడు నట్లు వచ్చాయి, నాలుగోది రానంటోంది. పానా మీద ఒంటి బరువంతా మోపి నిలబడ్డాను, నడుములో ఎక్కడో నరం పట్టుకుంది గాని నట్టు కదల్లేదు. వెనక స్టూలు మీద కూర్చున్న పిల్ల నన్నే చూస్తోంది. వీపుకు కళ్ళుండవు గాని చూపు తగిలితే తెలుస్తుంది. పిల్ల అంటున్నాను గాని దానికి ఇరవై అయిదు నిండాయి. మా అక్క కూతురు, నాకున్న ఒక్కగానొక్క మేనకోడలు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండి నోరు మాత్రం ఇంతేసి తెరిచి ఏడ్చేదని అక్క దానికి పిచ్చుక అని పేరు పెట్టింది, అదే నిలిచిపోయింది. రెండేళ్ళుగా ఈ షెడ్డు గుమ్మం తొక్కని మనిషి ఈ మధ్యాహ్నం చినుకుల్లో కారు తెచ్చి ఆపి, అట్టపెట్టెను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని దిగి, "మావయ్యా, ఇవి మీరు బిగిస్తారా?" అంది. మీరు అంది. నా భుజాల మీదెక్కి నా జుట్టు పట్టుకుని అటు పో, ఇటు పో అని నన్ను నడిపిన పిల్ల. నేను పెట్టె విప్పి లోపలి బ్రేకు డిస్కులు చూసి, బిగిస్తాను అన్నాను. ఇంకేం అడగాలో తోచక, ఎక్కడ కొన్నావు అని కూడా అడగలేదు. ఇంకోసారి పానా మీద తొక్కితే నాలుగో నట్టు కీచుమని వదిలింది.

చక్రం తీసి గోడకు ఆనించాను. డిస్కును కరిచి పట్టుకునే క్యాలిపర్ వెనక బోల్టులు రెండూ విప్పి, దాన్ని జారిపోకుండా తీగముక్కతో స్ప్రింగుకు వేలాడగట్టాను. దాని బరువు రబ్బరు గొట్టం మీద పడకూడదు. పడితే గొట్టం లోపల్లోపల చిట్లుతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. ఈ మాట నాకు పని నేర్పిన ముసలాయన రోజుకు పదిసార్లు అనేవాడు. ఆయన దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది అక్కే. పరీక్ష రెండోసారి కూడా తప్పిన రోజు, నాన్న ఇంట్లోకి రానివ్వడని నేను వీధి చివర గోడమీద కూర్చుని ఉంటే, వచ్చి మణికట్టు పట్టుకుని లాక్కుపోయి ఆయన ముందు నిలబెట్టి, "వీడికి పుస్తకమిస్తే నిద్రొస్తుంది, ఇంజనిస్తే నిద్రపోడు, పెట్టుకోండి" అంది. అప్పుడు అక్కకు పంతొమ్మిదేళ్ళు. పాత డిస్కు అంచున మెట్టులాగా గీర లేచి ఉంది, బాగా అరిగింది, సుత్తితో నాలుగు దెబ్బలు చుట్టూ వేస్తేగాని చక్రం మధ్యనుండే హబ్బును వదల్లేదు. ప్రతి దెబ్బకీ పిచ్చుక భుజాలు ఉలిక్కిపడటం పక్కనున్న అద్దంలో కనిపించింది. అక్కకూ అంతే, పెద్ద చప్పుడు పడేది కాదు. అయినా ఈ షెడ్డులో చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుని నాకు అన్నం తినిపించి వెళ్ళేది.

వైరు బ్రష్షుతో హబ్బు మీద తుప్పు గీకుతున్నాను. ఒక్క పొర మిగిలినా కొత్త డిస్కు సరిగ్గా కూర్చోదు. వెంట్రుకవాసి వంకర చాలు, వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. ఎర్రటి పొడి చేతుల మీద, మోకాళ్ళ మీద రాలుతోంది. "వచ్చే సోమవారం చేరాలి" అంది పిచ్చుక, నేను అడగకుండానే. కొండ మీది ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగమట. వారమంతా అక్కడ, శనివారం సాయంత్రం దిగి రావడం. నా చెయ్యి ఆగింది. కొండ మీదికి దారి ఒక్కటే. పదకొండు కిలోమీటర్ల దిగుడు, ఒకవైపు రాయి, ఒకవైపు ఏమీ లేదు. రెండేళ్ళ కింద ఆ దారినే అక్క, బావ దిగుతూ ఉండగా కారు మలుపు తిరగలేదు. అక్కడికక్కడే అక్క పోయింది, బావ కాలు నుజ్జయింది. ఆ దారిన వారానికోసారి ఈ పిల్ల. "అక్కడ చేసేవాళ్ళు చెప్పారు, వానల్లో ఈ గాట్ల డిస్కులైతే పట్టు బాగుంటుందని" అంది. నిజమే అన్నాను. మళ్ళీ గీకడం మొదలుపెట్టాను. తుప్పు ఎప్పుడో పోయింది, ఇనుము తెల్లగా మెరుస్తోంది, అయినా చెయ్యి ఆగడం లేదు.

వాళ్ళు కొండకు పోయే ముందు రోజూ ఇలాగే ముసురు. అక్క వాళ్ళ కారు మధ్యాహ్నం నుంచి స్టాండు మీదే ఉంది. ఇంజన్ ఆయిల్ మార్చాను, ఫిల్టరు మార్చాను, బ్రేకు ప్యాడ్‌లు చూశాను, సగానికి పైనే ఉన్నాయి. చివర్న బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశాను. నల్లగా ఉంది. రాత్రి తాగి వదిలేసిన టీ కప్పు అడుగున ఉండే రంగు. ఆ ఆయిల్ గాలిలో తేమ తాగుతుంది, ఏళ్ళ తరబడి తాగుతూనే ఉంటుంది, మామూలు రోడ్ల మీద ఏమీ తెలియదు, పొడుగాటి దిగుడులో తొక్కుతూ పోతే ఆ వేడికి లోపలి నీరు మరిగి ఆవిరవుతుంది, ఆవిరిని తొక్కితే నలుగుతుంది తప్ప తోయదు, పెడల్ కాలి కింద దూదిలా దిగిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అరలోంచి కొత్త ఆయిల్ డబ్బా తీసి ఊపితే అడుగున కాస్తే గలగలమంది. తెచ్చే దుకాణం రెండు వీధుల అవతల. బయట వాన. ఇంతలో బావ ఫోను, "అయిందా? మీ అక్క బయల్దేరింది, తెల్లారకుండా వెళ్ళాలి మేము." మూత చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, క్షణమో రెండు క్షణాలో. తిరిగొచ్చాక మారుద్దాంలే అనుకుని మూత బిగించేశాను. అక్క గొడుగు మడుస్తూ వచ్చి, బ్రేకులు చూశావా అని అడిగింది. చూశాను అన్నాను. చూశాను కూడా. ఆ మాటను రెండేళ్ళుగా ఎన్నివైపుల తిప్పి చూసినా ఎక్కడా అబద్ధం దొరకదు.

"ఇవి రెండూ ఒకటి కావా?" పిచ్చుక లేచి పక్కకు వచ్చింది. కొత్త డిస్కు మీది నూనెపూత గుడ్డతో తుడుస్తున్నాను. కావు, ఇది కుడికి, అది ఎడమకు, గాట్లు ఒరిగిన వైపు చూడు, అటుదిటు పెడితే తప్పు అని చూపించాను. మెరిసే ఇనుము మీద ఆరు గాట్లు, మధ్య నుంచి అంచుకు వంపుగా. వేలు పెట్టి ఒక గాటు వెంబడి జరిపింది. అక్క వేళ్ళే, పొడుగ్గా, గోళ్ళు కురచగా. "ఎందుకు కోశారు వీటిని?" ప్యాడ్ వేడెక్కితే దానికీ డిస్కుకీ మధ్య ఆవిరో, నీళ్ళో, పొడో చేరుతుంది, పలచటి పొర చాలు జారడానికి, ఆ చేరింది పోయేందుకు దారి ఈ గాట్లు అన్నాను. "అంటే వేడెక్కినా ఆగుతుంది." ఆగుతుంది అన్నాను, లోపల ఆయిల్ మంచిదైతే అని కూడా అన్నాను. అన్నాక నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.  డిస్కును హబ్బుకు ఎక్కించి, ఇటూ అటూ ఆడించి, అది నిండుగా కూర్చున్న చప్పుడు వినేదాకా ఊపిరి బిగబట్టాను.

చావింట్లో ఎన్ని మాటలు. ఆడమనిషి చేతికి స్టీరింగ్ ఇచ్చి పక్కన కూర్చుంటాడా ఎవడైనా అని ఒకాయన. బండి నడపడం వేరు, కొండ దిగడం వేరు అని ఇంకొకాయన. పరీక్షించడానికి వచ్చిన అధికారి కాగితంలో కూడా, దిగుడులో గేరు తగ్గించకుండా అదేపనిగా బ్రేకు వాడటం వల్ల అని రాశాడు. ఆయిల్ ఎవరూ చూడలేదు, చూడటానికి కారు ముందువైపు ఏమీ మిగల్లేదు. అక్క గేరు తగ్గించకుండా దిగదు. ఈ షెడ్డు పాత వ్యాను మీద అక్కకు నడపడం నేర్పింది నేను, ఆర్నెల్లకే నాకంటే బాగా నడిపింది. ఆ ముక్క అక్కడ లేచి చెప్పాల్సింది నేను. మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ తిరిగాను. బావను చూడటానికి ఆసుపత్రికి వెళితే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. లెక్కల మాస్టారు, ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద సుద్దముక్కతో ఏది ఎందుకయిందో తేల్చి చూపించిన మనిషి, ఇది మాత్రం తేల్చలేడా అనుకున్నాను. నా సంగతి ఆయనకు తెలిసిపోయింది అనుకున్నాను. ఆ తర్వాత ఆయన రాలేదు, నేను పోలేదు. పోనందుకు ఒక్కోరోజు హాయిగా కూడా ఉండేది, ఆ హాయి గుర్తొస్తే అన్నం దిగేది కాదు.

పిస్టన్‌లు వెనక్కి నొక్కి, కొత్త ప్యాడ్‌లు పెట్టి, క్యాలిపర్ బిగించి, రెండోవైపు కూడా అదే వరసలో పూర్తి చేసేసరికి వాన పెరిగింది. ఇక చాలు అని చక్రాలు ఎక్కించి పంపొచ్చు. డిస్కులు బిగించమనే అడిగింది. "ఆయిల్ కూడా మార్చేస్తాను, నాలుగు చక్రాలకీ, నువ్వు లోపల కూర్చుని తొక్కాలి" అన్నాను. పిచ్చుక చెప్పులు విడిచి ఎక్కింది. ఇద్దరు ఉంటేనే అయ్యే పని ఇది. కారు కింద దూరి, పాత ఆయిల్ వదిలే నిపుల్‌కు సన్నటి గొట్టం తొడిగి, గొట్టం రెండో కొస సీసాలో పెట్టి, తొక్కు అన్నాను. "తొక్కాను." అలాగే పట్టుకో అని నిపుల్ పావువంతు తిప్పాను. ఆయిల్ గొట్టంలోకి ఎగదన్నింది, ఇది అంత నల్లగా లేదు, పసుపుపచ్చగానే ఉంది. పైనుంచి గొంతు వినిపించింది. "దిగిపోతోంది మావయ్యా. మెత్తగా." దిగాలి, నేను బిగించేదాకా వదలకు అన్నాను. బిగించాను. "అమ్మ కూడా ఇదే మాట అందట" అంది.

ఎవరన్నారు అని అడగడానికి నోరు తెరిస్తే తుప్పుపొడి పడింది. పిచ్చుక ఆగకుండా చెబుతోంది, నా మొహం కనబడదు గనకే చెప్పగలుగుతోందేమో. "నాన్న పోయిన నెల చెప్పాడు. నాకు ఉద్యోగం అక్కడే వచ్చిందంటే రెండ్రోజులు మాట్లాడలేదు, మూడో రోజు చెప్పాడు. పెడల్ మెత్తగా ఉందండీ, ఎక్కడైనా ఆపుతాను అందట అమ్మ. ఇక్కడ పక్కన జాగా లేదు, ఇంకో రెండు మలుపులు పోతే టీ దుకాణం ఉంది, అక్కడ ఆపు అన్నాడట నాన్న. ఒక్క మలుపు తిరిగారు. నువ్వు ఆసుపత్రికి వెళితే గోడవైపు తిరిగి పడుకున్నాడటగా, నీ మొహం చూడలేక. మీ అక్కని నేనే చంపానని వాడికెలా చెప్పను అంటాడు. ఇవాళ ఇక్కడికొచ్చానని కూడా ఆయనకు తెలియదు." పిలుపులో మీరు పోయి నువ్వు వచ్చింది, ఆ సంగతి దానికే తెలియలేదు.

సీసాలో ఆయిల్ మీద బుడగ ఒకటి తేలి పగిలింది. నా మొహానికి జానెడు ఎత్తున ఇంజను అడుగు, దాని మీద మట్టి, ఎప్పటిదో ఆకు ఒకటి అంటుకుని ఎండిపోయి ఉంది. బావకు తెలియదు. రెండేళ్ళుగా ఆయన తేల్చిన లెక్కలో నేను లేనే లేను. నా పేరు ఎక్కడా లేదు, ఇక రాదు. గుండె మీంచి ఏదో లేచిపోయినట్టయింది, అంత తేలిక నేను ఎన్నడూ ఎరగను, ఆ తేలికలోనే నోరు దానంతటది కదిలి, "బావ తప్పేం లేదమ్మా, నేను అలా అన్నానని చెప్పు" అంది.  పైన ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "నువ్వు అలాగే అంటావని నాకు తెలుసు మావయ్యా. అమ్మ ఎప్పుడూ అనేది, వాడి మనసు మంచిదే అని."

అక్కడ ఇక పడుకోలేకపోయాను. లేవబోతే నుదురు ఇనుముకు కొట్టుకుంది. లేవకుండానే, కళ్ళు మూసుకుని, కారు అడుగుకు చెప్పుకున్నట్టు చెప్పాను. మూత తీశానని, నల్లగా ఉందని, డబ్బా ఊపి చూశానని, వాన పడుతోందని, రెండు వీధులు నడవడానికి బద్ధకించానని, మూత పెట్టేశానని. ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు. బావ తొందరపెట్టి ఫోను చేశాడన్న ముక్క నాలిక చివరిదాకా వచ్చింది, దాన్ని మాత్రం మింగేశాను.

"అమ్మ అడిగిందా?"

"అడిగింది. బ్రేకులు చూశావా అంది."

"నువ్వేమన్నావు?"

"చూశానన్నాను."

రేకుల మీద వాన మోత. ఇప్పుడు తలుపు తీసుకుని దిగిపోతుంది, చక్రాలు లేని కారును ఇక్కడే వదిలేసి చెప్పులైనా వేసుకోకుండా నడిచిపోతుంది, పోనీ, పోతే పోయింది, ఆ దారిన మాత్రం పోకుండా ఉంటే చాలు అనుకుంటున్నాను. "ఇంకా తొక్కే ఉన్నాను" అంది పిచ్చుక. "వదలనా?"

"వదులు."

మిగతా పనంతా ఆ మూడు మాటలతోనే అయింది. తొక్కు, పట్టుకో, వదులు. ఒక్కో చక్రానికి పదీ పదిహేనుసార్లు. కొత్త ఆయిల్ నీళ్ళంత తెల్లగా వచ్చేదాకా, వచ్చాక కూడా ఇంకో అయిదుసార్లు. చెప్పినట్టల్లా చేసింది. చక్రాలు ఎక్కించి, నట్లు ఎదురూబొదురుగా బిగించి, పెడల్ చేత్తో నొక్కి చూశాను, రాయిలా నిలబడింది. కొత్త డిస్కుల మీద కొత్త ప్యాడ్‌లు వెంటనే కుదురుకోవు, ఖాళీ రోడ్డు మీద కొంతసేపు వాటిని వేడిచేసి చల్లార్చాలి, నేను తిప్పి తెస్తాను అన్నాను. పిచ్చుక తాళం ఇవ్వలేదు. "నేను నడుపుతాను, నువ్వు చెప్పు" అని, పక్క సీటు మీదున్న తన సంచి తీసి వెనక పడేసింది.

ఊరి బయటి రోడ్డులో వేగం అరవైకి తీసుకెళ్ళమన్నాను, ఇరవైకి దించమన్నాను, పూర్తిగా ఆపొద్దన్నాను. మళ్ళీ అరవై, మళ్ళీ ఇరవై. బ్రేకు తొక్కినప్పుడల్లా గాట్ల మీద ప్యాడ్ రాసుకుని సన్నటి హోరు పుడుతోంది, తుమ్మెద అద్దానికి కొట్టుకుంటున్నట్టు. ఆ చప్పుడు మామూలేనా అని అడగలేదు, నేనే మామూలే అన్నాను. ఆరోసారికి మాడిన వాసన లోపలికి వచ్చింది. పిచ్చుక కళ్ళు రోడ్డు మీంచి తిప్పలేదు. ఎంత నిమ్మళంగా దించుతోందో, ముందు అద్దానికి వేలాడే చిన్న బొమ్మైనా ఊగడం లేదు. ఎవరు నేర్పారో అడగక్కర్లేదు. పదోసారి అయ్యాక, ఇక చాలు, మెల్లగా పోనిస్తూ చల్లారనీ, షెడ్డుకు తిప్పు అన్నాను. తిప్పలేదు. పాత మిల్లు పక్కనుంచి, బడి గోడ పక్కనుంచి పోయి, ఎరుపు గేటు ముందు ఆపింది. ఆ ఇంటికి నేను పోయి రెండేళ్ళు.

"నాన్నకి నేను చెప్పను" అంది, స్టీరింగ్ మీద చేతులు తీయకుండా. "నువ్వే చెప్పాలి."

గేటు తీసిన చప్పుడుకే తలుపు తెరుచుకుంది. చేతికర్ర ముందు కనిపించింది, తర్వాత బావ. జుట్టంతా తెల్లబడింది, చొక్కా భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. నన్ను చూసి వెంటనే చూపు దించుకుని, "నీకో మాట చెప్పాలి, రెండేళ్ళ నుంచి చెప్పాలని..." అని మొదలుపెట్టాడు. నల్లబల్ల ముందు నిలబడి ఎన్నడూ తడబడని గొంతు. "నాకు తెలిసింది బావా, పిచ్చుక చెప్పింది. ముందు నా మాట వినండి" అన్నాను. మెట్ల కింద వానలో నిలబడే చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను, కాలేదు. ఆయన మధ్యలో ఆపలేదు. ఏ భాగం తరువాత ఏదో సరిచూసుకుంటున్నట్టు, కర్ర చివర గచ్చు మీద చిన్నగా ఆనించి ఎత్తుతూ విన్నాడు.

"ఆయిల్ మంచిదై ఉంటే," అన్నాడు చివరికి, "ఆ రెండు మలుపులూ?"

"తిరిగేది. అక్కడ ఆగేవాళ్ళు. టీ తాగేవాళ్ళు."

తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "నేనొక్కడినే చంపాననుకున్నాను" అన్నాడు. "పొద్దున లేస్తే అదే మాట. పళ్ళు తోముకుంటుంటే అదే మాట. నీకు మొదట్నుంచీ తెలుసు."

"తెలుసు."

"ఒక్కసారి వచ్చి చెబితే ఏం పోయేదిరా నీకు?"

  మీకూ తెలిసిపోయిందనుకున్నాను అనబోయాను, అది కూడా నన్ను నేను కాపాడుకునే మాటే అని తోచి ఊరుకున్నాను. బావ గోడ పట్టుకుని, వంగని కాలును ముందుకు చాపి, పై మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు. కర్ర చేతిలోంచి జారి రెండు మెట్లు దొర్లింది. తీసి ఇవ్వబోతే, "నన్ను ముట్టుకోకు" అన్నాడు, అరవలేదు, మామూలుగానే అన్నాడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. వెనక గేటు అవతల కారు ఇంజను ఆగింది, తలుపు తెరుచుకోలేదు. లోపలికి రమ్మంటాడని గాని, పక్కకు జరుగుతాడని గాని నేను అనుకోలేదు. ఆయన జరగలేదు. పో అని కూడా అనలేదు. కర్రను ఆయన చేతికందేలా గోడకు ఆనించి, నేను కింది మెట్టు మీద, వానలోనే, కూర్చున్నాను.